స్వస్థత రాని వారి సాక్ష్యం

ప్రార్థన చేయించుకున్నా జబ్బు తగ్గనివాళ్లు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. ఆదివారం ఆరాధనలో వెనక వరుసలో కూర్చుంటారు. సాక్ష్యాల సమయం వచ్చేసరికి తల దించుకుంటారు. నయమైనవాళ్లు లేచి నిలబడి దేవుణ్ణి స్తుతిస్తుంటే మనస్ఫూర్తిగానే ఆమెన్ అంటారు. ఇంటికి వెళ్లాక మాత్రం ఒక ప్రశ్న వాళ్లను నిద్రపోనివ్వదు: నా విశ్వాసంలోనే ఏదైనా లోపం ఉందా? ఈ ప్రశ్నకు తన బతుకుతో జవాబు చెప్పిన మనిషి ఒకరు మన నారాయణగూడ క్రైస్తవ సమాధుల తోటలోనే ఉన్నారు. ఆయన భక్త సింగ్.

1903 జూన్ 6న పంజాబ్‌లోని జోయియా అనే ఊళ్లో ఒక సిక్కు కుటుంబంలో పుట్టారు. మిషన్ బడిలో చదివే రోజుల్లో చేతికొచ్చిన బైబిల్‌ను చింపేసి, అట్ట బాగుందని దాన్ని మాత్రం దాచుకున్నానని ఆ తర్వాత తానే చెప్పుకునేవారు. ఇంజనీరింగ్ చదువు కోసం లండన్‌కు, అక్కడి నుంచి కెనడాకు వెళ్లారు. 1929 చివర్లో విన్నిపెగ్‌లో స్నేహితుడి దగ్గర తీసుకున్న కొత్త నిబంధన ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. మరుసటి ఏడాది బొంబాయి రేవులో దిగినప్పుడు తల్లిదండ్రులు ఎదురొచ్చి ఒక్కటే అడిగారు: నీ నమ్మకం నీ దగ్గరే ఉంచుకో, కుటుంబం పరువు కోసం నలుగురికీ చెప్పకు. ఆయన ఒప్పుకోలేదు. వాళ్లు ఆయన్ని ఆ నగరంలోనే వదిలి వెళ్లిపోయారు. తండ్రి కూడా తర్వాతి కాలంలో అదే విశ్వాసంలోకి వచ్చారు గానీ, ఆ రోజు బొంబాయి వీధుల్లో నిలబడిన కొడుకుకు ఆ సంగతి తెలిసే దారి లేదు.

ఆ తర్వాతి కథ మన ముషీరాబాద్, చిక్కడపల్లి ప్రాంతాల్లో పాతకాపులకు కొత్తేమీ కాదు. 1941లో మద్రాసులో సంఘం మొదలుపెట్టారు. 1950లో హైదరాబాద్‌లో గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను అనే ఆరాధనా కేంద్రాన్ని నెలకొల్పారు. చాపల మీద కూర్చుని ఆరాధన, తెల్లబట్టలు, గంటల తరబడి స్తుతి, ఆరాధన అయ్యాక కులం అడగకుండా అందరూ ఒకే పంక్తిలో తినే ప్రేమ విందు. ఏటా జరిగే సభకూటాలకు కోస్తా జిల్లాల నుంచి, రాయలసీమ నుంచి, తెలంగాణ పల్లెల నుంచి జనం మూటాముల్లె సర్దుకుని వచ్చేవారు. జీతం తీసుకోని బోధకుడు, మోకాళ్ల మీద గంటలు గడిపే ప్రార్థనాపరుడు అని ఆయనకు పేరు. తనను ఏళ్లుగా పీడించిన ముక్కు, గొంతు బాధ కెనడాలో ప్రార్థనతోనే నయమైందని సాక్ష్యం చెప్పేవారు. ఆయన ప్రార్థన చేస్తే తమకు బాగయిందని చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఆ చుట్టుపక్కల కనిపిస్తారు.

అటువంటి మనిషికి ముసలితనంలో పార్కిన్‌సన్స్ వచ్చింది.

ఈ జబ్బు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు మెల్లమెల్లగా చనిపోతాయి. చేయి వణుకుతుంది. అడుగు పడదు, పడిందంటే ఆగదు. చొక్కా గుండీ పెట్టుకోవడం పెద్ద పనవుతుంది. మొహంలో భావం కనిపించదు, నవ్వినా ఎదుటివాళ్లకు తెలియదు. గొంతు సన్నగిల్లి మాట వినపడకుండా పోతుంది. మింగడం కష్టమవుతుంది. 1817లో జేమ్స్ పార్కిన్‌సన్ అనే లండన్ వైద్యుడు ఈ లక్షణాలన్నిటినీ ఒకచోట చేర్చి రాశాడు కాబట్టి ఆ పేరు వచ్చింది; మన ఆయుర్వేదంలో కంపవాతం అంటారు. మందులతో కొన్నేళ్లు ఉపశమనం దొరుకుతుంది, జబ్బు మాత్రం పోదు. మోకాళ్ల మీద వంగి ప్రార్థించడమే జీవితంగా బతికిన మనిషికి మోకాళ్లు సహకరించకపోతే ఎలా ఉంటుంది? వేలమంది ముందు మైకు పట్టుకుని గంటలు మాట్లాడిన గొంతు మూలుగు స్థాయికి దిగిపోతే ఎలా ఉంటుంది? భక్త సింగ్ జీవితంలో చివరి దశకమంతా ఈ జబ్బుతోనే గడిచింది. అందులో ఎక్కువ కాలం హెబ్రోనులో మంచం మీదే ఉన్నారు. దేశదేశాల్లో ఆయన కోసం ప్రార్థించినవాళ్లు ఎందరో. నయం కాలేదు. 2000 సెప్టెంబర్ 17, ఆదివారం నాడు అక్కడే కన్నుమూశారు. 22న నారాయణగూడలో భూస్థాపన చేశారు. ఆ రోజు వచ్చిన జనం లక్షల్లో ఉన్నారని అప్పటివారు రాశారు.

ఆ లక్షల మందిలో ఒక్కరైనా, ఆయనకు విశ్వాసం చాలక జబ్బు తగ్గలేదని అనుకొని ఉంటారా? అనుకోలేరు. మరి అదే మాటను రాంనగర్ గల్లీలో పక్షవాతంతో పడుకున్న తల్లితో, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే తండ్రితో ఎలా అనగలుగుతున్నాం?

ఈ మాట ఊరికే రాయడం లేదు. జబ్బుపడిన ఇంటికి వెళ్లి వినిపించే మాటలు మనందరికీ తెలిసినవే. ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుంది, బాగా వెతుక్కోండి. ఇంకా గట్టిగా నమ్మాలి. ఇంకో మూడు రోజులు ఉపవాసం ఉండి చూడండి. కొందరైతే మందులు మింగడమే అవిశ్వాసం అన్నంత దాకా వెళతారు. ఇటువంటి మాటలు చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఎదుటి మనిషి బాధ చూసి ఏం చేయాలో తోచక, తమ భయాన్ని తాము అణచుకోవడానికి ఏదో ఒక కారణం పట్టుకుంటారు. కారణం దొరికితే ఆ కష్టం మన ఇంటికి రాదన్న ధైర్యం వస్తుంది. కానీ ఆ ధైర్యం ఖరీదు చెల్లించేది మంచం మీద ఉన్న మనిషి. ఒంటి నొప్పికి తోడు, దేవుడు తనను కాదన్నాడేమో అన్న నొప్పి కూడా వచ్చి చేరుతుంది. మొదటిదానికి మాత్రలు దొరుకుతాయి, రెండోదానికి దొరకవు.

బైబిల్ అలా మాట్లాడదు. పౌలు చేతుల మీదుగా ఎందరో బాగుపడ్డారని అపొస్తలుల కార్యాల్లో చదువుతాం. అదే పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర్లో, త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి వచ్చానని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాడు. త్రోఫిము పాపం ఏమిటని వెతకలేదు, అతని విశ్వాసాన్ని కొలవలేదు. తోటి పనివాడు రోగంతో ఉన్నాడు, అంతే. తిమోతికి తరచు వచ్చే కడుపు జబ్బుకు కూడా ఇంటి వైద్యమే చెప్పాడు గాని గద్దించలేదు. తన ఒంట్లో ఉన్న ముల్లు తీసేయమని పౌలు తానే మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. యేసుకు బాప్తిస్మం ఇచ్చిన యోహాను చెరసాలలో కూర్చుని, రావలసినవాడు నువ్వేనా, మరొకరి కోసం ఎదురు చూడాలా అని శిష్యులతో అడిగించాడు. యోహాను లాంటివాడికే సందేహం వచ్చింది. యేసు అందుకు కోప్పడలేదు సరికదా, ఆ వెంటనే జనం ముందు యోహానును అంతకుముందెవరినీ పొగడనంతగా పొగిడాడు. ఇక 88వ కీర్తన ఉంది. మిగతా విలాప కీర్తనలు ఎక్కడో ఒకచోట వెలుగువైపు తిరుగుతాయి. అది తిరగదు, చీకట్లోనే ఆగిపోతుంది. దాన్ని కూడా మన పెద్దలు పరిశుద్ధ గ్రంథంలోనే ఉంచారు, ఆరాధనలో పాడుకోవడానికి. మన సంఘాల్లో ఆ కీర్తన మీద ప్రసంగం వినడం అరుదు. వినాలని ఉంది.

భయం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. భయపడటం అవిశ్వాసం అని చాలామంది నమ్ముతారు. పార్కిన్‌సన్స్ వంటి జబ్బుల్లో ఆందోళన, దిగులు కూడా ఆ జబ్బు లక్షణాలేనని వైద్యులు చెబుతారు. చేయి వణికినట్టే మనసూ వణుకుతుంది. రెండింటికీ మూలం మెదడులో వచ్చిన మార్పే. చేయి వణికిందని ఎవర్నీ తప్పు పట్టం, మనసు వణికితే మాత్రం ధైర్యం తెచ్చుకోమని మందలిస్తాం. గెత్సేమనే తోటలో యేసు పొందిన వేదన, చెమట, ఈ గిన్నె తప్పిపోతే బాగుండునన్న ప్రార్థన ప్రతి శుభ శుక్రవారం మనం ధ్యానించుకునేవే. భయాన్ని దాచుకోకుండా తండ్రికి చెప్పుకున్నాడు. దాన్ని విశ్వాసం కాదని అనగలమా?

జబ్బు నుంచి వచ్చే భయం ఒకటి, మనుషుల నుంచి వచ్చే భయం మరొకటి. రెండోది మన తెలుగు క్రైస్తవులకు చరిత్ర పొడవునా తోడున్నదే. ఒంగోలు కథ చూడండి. నెల్లూరు కేంద్రంగా అమెరికన్ బాప్తిస్టులు నడిపిన తెలుగు మిషన్ ఏళ్ల తరబడి ఫలితం లేక మూతపడే స్థితికి వచ్చింది. 1854 కొత్త సంవత్సరం రోజు తెల్లవారుజామున ఆ మిషన్‌కు చెందిన లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు కలిసి ఒంగోలులోని గుట్ట ఎక్కి ప్రార్థన చేశారు. మొత్తం ఐదుగురు. దాన్ని ఇప్పటికీ ప్రార్థనా గుట్టగా చెప్పుకుంటారు. ఆ ఊరికి అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ వచ్చి కాపురం పెట్టడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. తర్వాత 1876 నుంచి 78 దాకా మహా కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని క్లౌ వేలమందికి కూలి దొరికేలా చూశాడు. తిండి కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. చచ్చిన పశువుల్ని మోయం, జాతర్లలో డప్పు కొట్టం అన్నందుకు పల్లెల్లో పనులు పోగొట్టుకున్నవాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. తమ పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవని తెలిసి కూడా నిలబడ్డారు.

అదే ఒంగోలులో జ్యూయెట్ పేరుమీద ఉన్న బాప్తిస్టు చర్చిలో 2000 జూన్ 8న బాంబు పేలింది. అదే రోజు తాడేపల్లిగూడెంలో మరో చర్చిలోనూ పేలుడు జరిగింది. దీన్‌దార్ అంజుమన్ అనే సంస్థకు చెందినవారు ఈ పేలుళ్ల కేసుల్లో పట్టుబడ్డారు. ఆ వారాల్లో ఆదివారం గుడికి వెళుతూ పిల్లల చేయి గట్టిగా పట్టుకున్న తల్లులెందరో. వాళ్లు భయపడలేదని చెప్పడం అబద్ధం అవుతుంది. భయపడుతూనే వెళ్లారు. అంతకు ముందు ఏడాది, 1999 జనవరి 22 రాత్రి, మన పొరుగున ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో కుష్ఠురోగుల సేవకుడు గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను జీపులోనే సజీవ దహనం చేశారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పి, బారిపదలోని కుష్ఠురోగుల ఆశ్రమాన్ని వదలకుండా ఇంకా కొన్నేళ్లు అక్కడే ఉండి పనిచేశారు. క్షమించడం వల్ల ఆమె దుఃఖం తగ్గిపోయిందని మనం అనుకోకూడదు. ముగ్గుర్ని పోగొట్టుకున్న ఇంట్లో కూతురిని పెంచుకుంటూ, రోగుల పుళ్లు కడిగిస్తూ గడిపిన రోజులవి.

వీళ్లందరిలో ఒకటి గమనించాలి. ఎవరూ ఒంటరిగా నిలబడలేదు. గుట్ట మీద ఐదుగురు. కాలువ గట్టు మీద వేలమంది. బారిపదలో ఆశ్రమం నిండా రోగులు, పనివాళ్లు. హెబ్రోనులో భక్త సింగ్ మంచం చుట్టూ తోటి విశ్వాసులు, ఏళ్ల తరబడి ఆయనకు తినిపించినవాళ్లు, ఒళ్లు తుడిచినవాళ్లు, పక్క మీద అటూ ఇటూ తిప్పినవాళ్లు. వాళ్ల పేర్లు ఏ సభలోనూ వినపడవు. నా మటుకు నాకు ఆయన బోధలన్నిటికన్నా ఆ మంచం పక్కన జరిగిన సేవ గొప్ప సాక్ష్యమనిపిస్తుంది. మార్కు సువార్తలో పక్షవాతం ఉన్న మనిషిని నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దించిన కథ ఉంది. అక్కడ యేసు చూసింది మోసినవాళ్ల విశ్వాసాన్ని. మంచం మీద ఉన్నవాడు ఒక్క మాట మాట్లాడినట్టు లేదు. ప్రార్థించే శక్తి లేనివాడి తరఫున నలుగురు నమ్మడం కూడా విశ్వాసమే. ఇది సంఘం చేయగల పని, చేయవలసిన పని.

అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల్లో కూడా ఇటువంటి భయాలతో ఉన్నవాళ్లు ఉన్నారు. నోటిఫికేషన్లు వాయిదా పడి, వయసు దాటిపోతూ, ఇంటి దగ్గర అమ్మానాన్నల ముఖం చూడలేక సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా కూర్చుంటారు. ఆదివారం దగ్గర్లోని ఏదో ఒక చర్చికి వెళతారు. అక్కడ విజయం గురించిన ప్రసంగమే వినిపిస్తే, ఓడిపోయిన రోజున ఆ గుమ్మం ఎక్కడానికి మొహం చెల్లదు. అప్పుడే చర్చి వాళ్లకు కావాలి.

అందుకని కాపరులకు, సంఘ పెద్దలకు కొన్ని మనవులు. సాక్ష్యాల సమయంలో నయమైనవాళ్లకు ఇచ్చే మైకును నయం కానివాళ్లకు కూడా ఇవ్వండి. ఇంకా బాధలోనే ఉన్నాను, ఇంకా నమ్ముతూనే ఉన్నాను అని ఒక మనిషి అన్నా సరే, ఈ వారం నమ్మలేకపోతున్నాను అని మరొకరు అన్నా సరే, సంఘం ఆమెన్ అనడం నేర్చుకోవాలి. ప్రార్థన విన్నపాల చీటీ చదివి ఊరుకోకండి. మూడు నెలల తర్వాత ఆ ఇంటికి మళ్లీ వెళ్లండి. వెళ్లినప్పుడు ప్రార్థన చిన్నదిగా, కూర్చునే సమయం ఎక్కువగా ఉండనివ్వండి. రోగితో పాటు, రాత్రింబవళ్లు రోగిని చూసుకునే మనిషిని కూడా పేరు పెట్టి పలకరించండి. ఆ మనిషి ఒక పూట నిద్రపోవడానికి మీ సంఘంలో ఎవరైనా వంతు తీసుకుంటే అదే పెద్ద పరిచర్య. మందులు మానమని ఎవరికీ చెప్పకండి, చెప్పనివ్వకండి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి తగ్గించడానికే ఒక విభాగం ఉంది. నయం కాదని తేలిన తర్వాత కూడా నొప్పి లేకుండా బతకడానికి వైద్యం ఉంటుందన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. ఆ సంగతి వేదిక మీద నుంచి మీరు చెబితే వింటారు.

ఇది చదువుతున్నవారిలో ఎవరైనా ఇప్పుడు ఆ మంచం మీద ఉన్నవారై ఉంటే, లేదా ఆ మంచం పక్కన మెలకువగా కూర్చున్నవారై ఉంటే, మీకొక మాట. మీ విశ్వాసం చాలలేదని ఎవరైనా అంటే నమ్మకండి. మీ భయాన్ని దేవుడికి ఉన్నది ఉన్నట్టు చెప్పుకోండి, కోపంగా ఉంటే కోపంగానే చెప్పుకోండి. ఈ రాత్రి ప్రార్థించే ఓపిక లేకపోతే మీకు తెలిసిన ఒక్క విశ్వాసికి ఫోన్ చేసి, నా బదులు నువ్వు చెయ్యి అని అడగండి.